మూసీ పార్కు బొమ్మ గీసే ముందు

ప్రియమైన పిల్లలకు,

మూసీ ఒడ్డున పార్కు ఎలా ఉండాలో బొమ్మ గీసి తీసుకురమ్మన్నారట మీ బడిలో. ఊయలలు, జారుడుబల్లలు మీరు ఎలాగూ గీస్తారు, అందులో నా సలహా అక్కర్లేదు. నేను చెప్పేది నీళ్ల సంగతి.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. బాపూఘాట్ దగ్గర ఈసీ నదిని కలుపుకొని, మన హైదరాబాద్ మధ్యగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దాని మీద పురానాపూల్ 1578లోనే కట్టారు. ఊరు పుట్టి, చార్మినార్ కట్టింది 1591లో. అంటే మన ఊరికన్నా ఊరి వంతెనే వయసులో పెద్దది!

ఇక 1908 సెప్టెంబరు 28. ఎగువన కుండపోత వాన. పై చెరువు కట్ట తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది, దాని కట్టా తెగుతుంది. అలా 200కు పైగా చెరువులు తెగి, ఆ నీరు ఒక్కసారిగా ఊరి మీద పడింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. వీలైతే వెళ్లి చూడండి.

ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నీటిని ఊళ్లోకి వచ్చాక ఆపడం కాదు, ఎగువనే నిలపాలన్నారాయన. అలా వచ్చినవే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు. ఊళ్లో నది ఒడ్డులను ఎత్తు చేసి, వాటి వెంట తోటలు వేయమని కూడా ఆయనే సూచించారు. కాబట్టి మీ పార్కు ఆలోచన వందేళ్ల పాతది. సిగ్గుపడకండి, మంచి ఆలోచనలు తరచూ పాతవే.

జలాశయాలున్నా వరద రాదనుకోకండి. 2020 అక్టోబరులో మూసారాంబాగ్ వంతెన మునిగింది. పెద్దవాళ్లం నది పక్కనే కాదు, నదిలోనే కట్టేశాం: మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఎక్కడుందో ఒకసారి పటంలో చూడండి. పైగా ఊరి మురుగంతా అందులోకే వదిలాం. ఆ మురుగును శుద్ధి చేయకుండా ఒడ్డున ఎన్ని పూలమొక్కలు నాటినా, ముక్కు మూసుకునే చూడాలి.

అందుకే మీ బొమ్మలో ముందు ఒక నీలి గీత గీయండి, పెద్ద వరదొస్తే నీళ్లు ఎంతవరకు వస్తాయో తెలిసేలా. గీతకు దిగువన గడ్డి, మట్టిబాట, నీళ్లలో నాలుగు రోజులు నానినా బతికే నేరేడు, కానుగ చెట్లు ఉంచండి. సిమెంటు తగ్గించండి. కరెంటు పెట్టెలు, మరుగుదొడ్లు, గదులు గీతకు పైన పెట్టండి.

గీసిన బొమ్మ ఫోటో తీసి అమ్మ ఫోనులో పంపండి. గీత ఎక్కడ వేశారో ముందు చూస్తాను, రంగుల సంగతి తర్వాత.

ఆశీస్సులతో,
మీ తాతయ్య