సీఆర్‌పీ కాగితంలో దిగులు కనిపిస్తుందా?

విజయవాడ సూర్యారావుపేటలో వీధికో ఆస్పత్రి, ఆస్పత్రికో ల్యాబ్. అలాంటి ఒక ల్యాబ్ మెట్ల మీద గత నెల మా పెద్దమ్మ కూతురు తన రిపోర్టు నా చేతిలో పెట్టింది. నాలుగు నెలలుగా డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. రిపోర్టులో సీఆర్‌పీ (ఒంట్లో మంట రగిలితే రక్తంలో పెరిగే ప్రోటీన్) ఎదురుగా 9 అని లావాటి అక్షరాల్లో ఉంది, పక్కన పైకి చూపే బాణం. "నా దిగులుకు కారణం ఇదే కాబోలు తమ్ముడూ. అమ్మకూ ఇలాగే ఉండేది కదా, ఇది మా రక్తంలోనే ఉందంటావా?" అని అడిగింది. ఈ ప్రశ్న మీద శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా తగవు పడుతున్నారు.

సీఆర్‌పీ పేరు మన ఇళ్లలో నలిగింది 2021 వేసవిలో, కోవిడ్ రెండో విడతలో. అసలు దాన్ని కనిపెట్టింది 1930లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో, న్యుమోనియా రోగుల రక్తంలో. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్, అంటే గాయానికో క్రిములకో ఒళ్లు రేపే మంట, రగిలినా ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ కబురు మోసుకుని కాలేయానికి చేరుతుంది, కాలేయం సీఆర్‌పీని వదులుతుంది. మంట ఎక్కడుందో మాత్రం అది చెప్పదు.

దీనికీ మనసుకూ లంకె పెట్టినవారిలో ముందు చెప్పుకోవలసింది జంతువులను చదివిన బెంజమిన్ హార్ట్‌ను. జబ్బుపడిన జంతువు తినదు, కదలదు, మందకు దూరంగా పడుకుంటుంది. ఇది నీరసం వల్ల జరిగే పని కాదని, కోలుకోవడానికి శరీరం పన్నే ఉపాయమని 1988లో ఆయన రాశారు. జ్వరంతో గోడవైపు తిరిగి పడుకుని, పలకరిస్తే విసుక్కునే మనిషిని చూడని ఇల్లు మనకు ఉండదు. ఆ మనిషిని డిప్రెషన్ రోగి పక్కన నిలబెడితే తేడా చెప్పడం కష్టం. 1991లో రొనాల్డ్ స్మిత్ ఇంకో అడుగు ముందుకు వేసి, డిప్రెషన్‌కు మూలం రోగనిరోధక కణాలేనని ప్రతిపాదించారు. చాలామంది అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది ఇంటర్‌ఫెరాన్. ఒకప్పుడు హెపటైటిస్-సికీ, కొన్ని క్యాన్సర్లకూ ఎక్కువగా ఇచ్చిన ఈ ఇంజెక్షన్ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది. అంతకుముందు మామూలుగా ఉన్నవాళ్లే వారాల్లో కుంగిపోయేవారు. 2001లో ఇంటర్‌ఫెరాన్ తీసుకున్న 40 మంది మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల మీద జరిగిన పరీక్షలో, ముందుగానే పారాక్సెటీన్ అనే డిప్రెషన్ మందు వేసుకున్నవారిలో 11 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది, ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 45 శాతం మందికి. నా దృష్టిలో ఈ మొత్తం కథలో గట్టి సాక్ష్యం ఇదే. ఇక్కడ ఏది ముందు, ఏది వెనక అన్న అనుమానం లేదు.

మామూలు మనుషుల్లోనే ఆ చిక్కు. డెన్మార్క్‌లో 73,131 మందిని పరిశీలిస్తే సీఆర్‌పీ ఎక్కువున్నవారిలో డిప్రెషన్ కూడా ఎక్కువని 2013లో తేలింది. కానీ కుంగిన మనిషి నడక మానేస్తాడు, లావవుతాడు, సిగరెట్లు పెంచుతాడు. కొవ్వు కూడా ఇంటర్‌ల్యూకిన్-6ను తయారుచేస్తుంది. మరి ఏది దేనికి కారణం?

ఇక్కడే జన్యువులు అక్కరకు వచ్చాయి. తల్లిదండ్రుల నుంచి ఏ జన్యువు ఏ రూపంలో వస్తుందన్నది చీటీలు తీసినట్టు జరుగుతుంది. అది కడుపున పడ్డనాడే తేలిపోతుంది, తర్వాత వచ్చే లావూ దిగులూ దాన్ని మార్చలేవు. సీఆర్‌పీ జన్యువు మొదటి క్రోమోజోము మీద ఉంది. పుట్టుకతోనే సీఆర్‌పీని పెంచే రూపం ఉన్నవారికి డిప్రెషన్ ఎక్కువ రావాలి కదా? 2014లో ఆ డెన్మార్క్ బృందమే చూస్తే, రాలేదు. అంటే సీఆర్‌పీ పొగే కానీ నిప్పు కాదన్నమాట. 2020లో బ్రిటన్‌లో 3.6 లక్షలకు పైగా మంది సమాచారంతో కేసు మళ్లీ తెరుచుకుంది: ఇంటర్‌ల్యూకిన్-6కు, సీఆర్‌పీకి కూడా డిప్రెషన్‌లో చేయి ఉండవచ్చని తేలింది. ఇంటర్‌ల్యూకిన్-6 తెచ్చే కబురును కణాలు అందుకునే తలుపు లాంటిది గ్రాహకం; దాని జన్యువులో ఒక మార్పుతో పుట్టినవారిలో ఇంటర్‌ల్యూకిన్-6 పనితీరు జీవితమంతా కాస్త మందగించి ఉంటుంది. 2021లో కోవిడ్ రోగుల కోసం జనం ఊరూరా వెతికిన టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ అడ్డుకునేదీ ఆ గ్రాహకాన్నే.

ఇక వంశం సంగతి. కవలల అధ్యయనాలను బట్టి, మనుషుల మధ్య డిప్రెషన్ తేడాల్లో సుమారు 37 శాతం వారసత్వానిది. అయితే దానికి ఒక్క జన్యువు లేదు. 2018లో క్రోమోజోముల మీద 44 చోట్లు, 2019లో 102 జన్యు మార్పులు బయటపడ్డాయి, ఒక్కోదాని బలం గోరంత. రోగనిరోధక జన్యువులు గుంపుగా ఉండే ఆరో క్రోమోజోము భాగం వాటిలో ఒకటి. ఈ లెక్కలన్నీ ప్రధానంగా ఐరోపా మూలాలవారివి. కృష్ణా, గుంటూరు మనుషులకు వాటిని అలాగే అంటగట్టడం నాకు సమ్మతం కాదు.

చికిత్సగా ఇదేమైనా పనికొచ్చిందా అంటే, 2013లో మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మంది మీద, కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను పరీక్షించారు. మొత్తం మీద లాభం లేదు. సీఆర్‌పీ 5 దాటినవారిలో మేలు కనిపించింది, తక్కువున్నవారికి ఉత్త సెలైనే నయమనిపించింది. అందరికీ కాదు, కొందరికేమో అన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది.

అక్క డాక్టరు గారి దగ్గరకు నేనూ వెళ్లాను. ఆయన రిపోర్టు చూసి మొదట అడిగింది పళ్ల గురించి. రెండు నెలలుగా కుడివైపు నమలలేకపోతున్నానని అక్క అప్పుడు చెప్పింది. పళ్ల డాక్టరుకు చూపించుకుని, నెల తర్వాత మళ్లీ సీఆర్‌పీ చేయించమన్నారు. మందుల చీటీలో ఏమీ మార్చలేదు.