పేరు నోట్లోనే ఉంది, బయటికి రాదు

మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర ఒకతను వచ్చి "బాబాయ్, గుర్తుపట్టావా?" అన్నాడు. ఎందుకు గుర్తుపట్టను! వాళ్ళ నాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. చిన్నప్పుడు మా జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. పేరు మాత్రం రాదు. 'సు'తో మొదలవుతుందని తెలుసు. సురేష్, సుధాకర్, సుబ్బారావు... ఇవేవీ కావు. కావని ఎలా తెలిసింది? అసలు పేరు లోపలెక్కడో ఉంటేనే కదా!

1966లో హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా దీన్నే పట్టుకున్నారు. అరుదైన మాటల అర్థాలు చదివి, ఆ మాటేమిటో చెప్పమని విద్యార్థులని అడిగారు. సముద్రం మీద సూర్యుడి ఎత్తు కొలిచే పరికరం పేరేమిటి? జవాబు సెక్స్‌టంట్. అది నోటిదాకా వచ్చి ఆగినవాళ్ళకి సెక్స్‌టెట్, సీకెంట్ లాంటి మాటలు తట్టాయి. మాట రాకపోయినా మొదటి అక్షరం, ఎన్ని అక్షరాలుంటాయన్నది చాలామంది సరిగ్గానే ఊహించారు. కాబట్టి "నోట్లో ఉంది సార్" అనే పిల్లాడిని బెంచీ ఎక్కించకండి. వాడు చెప్పేది నిజమే కావచ్చు.

అర్థం ఒకచోట, శబ్దం ఒకచోట ఉంటాయి. మధ్యలో తాడు. 'కుమ్మరి' అనే వృత్తి పేరు తీసుకోండి. సారె, బంకమన్ను, ఎండాకాలం కూజా, ఇలా ఎన్నో పేటలు కలిసి ఆ మాటని పైకి లాగుతాయి. అదే 'కుమ్మరి' ఒకరి ఇంటిపేరైతే? మనిషికీ ఆ మాటకీ మధ్య ఒంటి పోగు. 1980లలో బ్రిటన్‌లో చేసిన ప్రయోగాల్లో ఇదే తేలింది. ముఖం చూపించి 'బేకర్' అన్నది ఇతని వృత్తి అంటే గుర్తుంది, ఇంటిపేరు అంటే జారిపోయింది. అక్షరం తేడా లేదు, మాట అదే! వాడకపోతే ఆ పోగు సన్నబడుతుంది. వయసు వచ్చేకొద్దీ ఇంకా సన్నబడుతుంది. ముందు తెగేవి మనుషుల పేర్లే.

అర్థం వైపు నుంచి ఎంత గుంజినా రానిది, శబ్దం వైపు నుంచి కాస్త అందిస్తే చటుక్కున వస్తుంది. నాటకంలో పక్కతెర చాటునున్న ప్రాంప్టరు వాక్యమంతా చెప్పడు, మొదటి మాట చాలు. మన ఛందస్సు చేసే పని కూడా ఇదేనని నాకు గట్టి అనుమానం. వృత్తంలో మొదటి పాదం గుర్తొస్తే, ప్రాస పుణ్యమా అని మిగతా మూడు పాదాల రెండో హల్లు చేతికొచ్చినట్టే. పైగా ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండు, శార్దూలంలో పదమూడు, మత్తేభంలో పద్నాలుగు: పాదం మొదటి అక్షరంతో యతి కుదరాల్సిన చోట్లు. అంటే నడిమధ్యలో ఇంకో ప్రాంప్టరు. బడి మొహం చూడని వాళ్ళు కూడా వందల పద్యాలు అప్పజెప్పారంటే ఊరికే కాదు. యతిప్రాసల్ని మార్కుల కోసం బట్టీ పట్టించే మనం ఈ ముక్క పిల్లలకి చెప్పనే చెప్పం.

మరి గింజుకుంటే వస్తుందా? 2008లో కెనడాలో ఇద్దరు పరిశోధకులు, మాట నోట్లో ఆగిపోయిన వాళ్ళని 10 సెకన్లో 30 సెకన్లో తన్నుకోనిచ్చి, తర్వాత జవాబు చెప్పేశారు. రెండు రోజుల తర్వాత అవే ప్రశ్నలు. 30 సెకన్లు గింజుకున్న మాటల దగ్గరే మళ్ళీ ఎక్కువగా ఆగిపోయారు. బురదలో చక్రం తిప్పినకొద్దీ గుంట లోతవుతుంది కదా, అలాగ. వెంటనే ఎవరినైనా అడిగెయ్యడమే మేలు.

పెళ్ళిలో అతన్నే అడగడం ఎలా? అందరూ వేసే ఎత్తే నేనూ వేశాను. "ఇదిగో, మా ఆవిడ" అని పరిచయం చేసి, తన పేరు తనే చెప్పుకుంటాడని చూశాను. "నమస్తే పిన్నీ!" అన్నాడు. అయిపోయింది.

ఎవరైనా తలుచుకుంటే పొలమారుతుందంటారు. ఆ లెక్కన సాయంత్రమంతా అతను పాపం దగ్గుతూనే ఉండాలి. పేరు లేకుండా తలుచుకుంటే చెల్లుతుందో లేదో మరి! రాత్రి పళ్ళు తోముకుంటుంటే ఆ పేరు దానంతటదే వచ్చింది. ఇక్కడ రాయను, అతను చదివితే నా గుట్టు బయటపడుతుంది.

ఇంకో సంగతి పడుకున్నాక తట్టింది. బాబాయ్, పిన్నీ అన్నాడే గానీ, అతను కూడా నా పేరు ఒక్కసారీ అనలేదు.