పేరు దగ్గరే ఆగిన దరఖాస్తు

చెన్నై శివార్లలో తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదివే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మళ్లీ పాత తగవే. మా మేనల్లుడు అక్కడే చదువుతున్నాడు కాబట్టి నాకు కాస్త ముందుగా తెలిసింది. వాడూ, వాడి స్నేహితులూ కలిసి ఒక పఠన బృందానికి గుర్తింపు కావాలని దరఖాస్తు పెట్టుకున్నారు. నిరుడు వీళ్లే స్టీలు గిన్నెల్లో ఉగాది పచ్చడి కలిపి హాస్టల్ మెట్ల మీద పంచితే అభ్యంతరం పెట్టినవాళ్లు లేరు. ఈసారి ఫారం తిరిగొచ్చింది. బృందం పేరులో ఉన్న ‘అంబేడ్కర్’ అన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన ‘మార్చండి’ అని రాశారు. సంతకం లేదు. “అడిగితే ఆ ఫారం కూడా లాక్కున్నారు మావయ్యా, ముందే ఫొటో తీశాను కాబట్టి సరిపోయింది” అన్నాడు వాడు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మద్రాసులో బ్రాహ్మణేతరుల కోసం పుట్టిన జస్టిస్ పార్టీ నుంచి మొదలుపెట్టడం రివాజు. ఈ ఊళ్లో బ్రాహ్మణేతర విద్యార్థులకు ఉండటానికి చోటు దొరక్క, 1916లో ఆ పార్టీ స్థాపకుల్లో ఒకరైన నటేశ మొదలియార్ ట్రిప్లికేన్‌లో ద్రావిడ హోమ్ పెట్టిన సంగతి చాలామందికి తెలిసిందే. అదంతా పక్కన పెడతాను. నా లెక్కలో ఇప్పటి గొడవకు మూలం 2015 మే నెలలో ఉంది, మద్రాస్ ఐఐటీలో.

అక్కడ అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ 2014 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు మొదలైంది. చర్చలు పెట్టడం, కరపత్రాలు వేయడం వాళ్ల పని. భూసేకరణ, గోమాంస నిషేధం, హిందీ, సంస్కృతాల పెత్తనం వంటి అంశాల మీద మాట్లాడుకునేవాళ్లు. ఆ ఏడాదే డీన్ కార్యాలయం పేరు మార్చుకోమందనీ, ఆ రెండు పేర్లు విద్యార్థులను చీలుస్తున్నాయందనీ బృందం తర్వాత బయటపెట్టింది. అదే క్యాంపస్‌లో వివేకానంద స్టడీ సర్కిల్ ఎప్పటినుంచో ఉంది. ఆ పేరుకు లేని ఇబ్బంది మా పేరుకే ఎందుకొచ్చిందని వీళ్లు అడిగారు. తృప్తిపరిచే జవాబు ఇప్పటికీ నాకు కనబడలేదు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 14న జయంతి సభ పెట్టారు. మాట్లాడటానికి కుప్పం ద్రవిడ విశ్వవిద్యాలయం నుంచి ఒక అధ్యాపకుడు వెళ్లారు. ఆ ప్రసంగంలోని మాటలతో వేసిన కరపత్రమే చివరికి ఢిల్లీ చేరింది, ఒక ఆకాశరామన్న ఉత్తరంతో కలిసి. ఈ బృందం ప్రధాని మీదా, హిందువుల మీదా ద్వేషం రెచ్చగొడుతోందని ఆ ఉత్తరంలోని ఆరోపణ. రాసిందెవరో తెలియని ఆ కాగితం మీద కేంద్ర మానవ వనరుల శాఖ స్పందించింది. మే 15న సంస్థ అభిప్రాయం కోరుతూ లేఖ పంపింది. మే 22న బృందం గుర్తింపు రద్దయింది. మధ్యలో వారం రోజులే. వేసవి సెలవుల్లో ఇళ్లకు వెళ్లిన పిల్లలకు ఈమెయిల్ వచ్చింది, మీకిచ్చిన సదుపాయాలను దుర్వినియోగం చేశారని. తమను పిలిచి అడిగినవాళ్లు లేరని పిల్లలు అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సంస్థ ఇచ్చిన వివరణలో ద్వేషం మాట లేదు. విద్యార్థి బృందాలు తమ కార్యక్రమాల ప్రచారానికి సంస్థ పేరును అనుమతి లేకుండా వాడకూడదనే నిబంధనను ఉల్లంఘించారంది. ఢిల్లీకి వెళ్లిన ఫిర్యాదు ఒకటి, చెన్నైలో చూపిన తప్పు ఇంకొకటి. ఫిర్యాదును సంస్థకు పంపించాం, అంతకుమించి చేసిందేమీ లేదని మంత్రిత్వ శాఖ చెప్పుకుంది. ఐఐటీ గేటు ముందు నిరసనలు జరిగాయి, జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసు ఇచ్చింది. జూన్ 7న గుర్తింపు తిరిగొచ్చింది.

చాలామంది దీన్ని విద్యార్థుల గెలుపుగా రాశారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, దాన్నుంచి కాలేజీలు నేర్చుకున్నది వేరేలా ఉంది. ఇచ్చిన గుర్తింపు రద్దు చేస్తే రచ్చ, అసలు ఇవ్వకపోతే వార్తే ఉండదు. మా వాడి ఫారం మీద పెన్సిల్ సున్నా ఆ పాఠమే.

అదే 2015 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మీద ఫిర్యాదు కూడా ఢిల్లీ దారే పట్టింది. అప్పటి కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల శాఖకు లేఖ రాశారు. అక్కడినుంచి 2016 జనవరి 17న రోహిత్ వేముల ఆత్మహత్య దాకా నడిచిన కథను తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. నాలుగు నెలల్లోపే రెండు క్యాంపస్‌లకూ ఉత్తరం ఒకే శాఖ నుంచి వచ్చిందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

యాజమాన్యం వాదన కూడా ఉంది. కులం, మతం, ప్రాంతం పేర్లతో గుంపులు కడితే హాస్టళ్లలో కొట్లాటలవుతాయన్న టెన్షన్ వాళ్లది. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికొచ్చి నరికారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో నివేదిక ఇస్తూ, పాఠశాలల పేర్లలో కులం పదాలు తీసేయమంది, కులాన్ని చాటే రంగు తాళ్లూ ఉంగరాలూ పిల్లలు వేసుకోకూడదంది. మేమూ ఆ దారిలోనే వెళుతున్నామంటున్నారు వీళ్లు. కులాన్ని చూపించుకోడానికి కట్టిన తాడునూ, కులాన్ని నిర్మూలించాలన్న మనిషి పేరునూ ఒకే గాటన కట్టడం ఎలా కుదురుతుందో వాళ్లే చెప్పాలి.

మద్రాస్ ఐఐటీ పిల్లలకున్న ఒక ఆసరా మా వాడికి లేదు. అది ప్రభుత్వ సంస్థ. రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణ ఇచ్చే సంఘం పెట్టుకునే హక్కును చూపించి నిలదీయొచ్చు. ప్రైవేటు యూనివర్సిటీ మీద ఆ హక్కు అంత సూటిగా పనిచేయదు. అడ్మిషన్ రోజు తల్లిదండ్రులు చదవకుండా సంతకం పెట్టిన నిబంధనల పుస్తకమే అక్కడ ముందు మాట్లాడుతుంది. మా బావగారూ అలాగే పెట్టారు. ఫీజు రసీదు దాచుకున్నారు గానీ ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పిల్లలు కొత్త ఫారం నింపారు. పేరు మార్చలేదు. కింద ఖాళీగా ఉన్న చోట ఒక వాక్యం చేర్చారు: అభ్యంతరం ఉంటే కారణం రాసి, సంతకం చేసి ఇవ్వగలరు. సోమవారం పొద్దున ఇస్తారట.