పూర్తయిన ఎనిమిది పాటలను బెజవాడ బ్యాండు ఎందుకు వదులుకుంది?

విజయవాడకు చెందిన అయిదుగురి బ్యాండు పూర్తయిన ఎనిమిది పాటలను పక్కనపెట్టి, తొలి ఆల్బమ్ పనిని మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్న సంగతి ఇప్పుడు తిరిగి చర్చకు వచ్చింది. ఆ పాటల్లో రెండింటిని మాజీ గిటారిస్టు గత వారం బయటపెట్టడమే ఇందుకు కారణం. కాలేజీ వేదికల మీద ఆ బ్యాండు ఎదిగిన తీరు ఇక్కడి శ్రోతలకు తెలిసిందే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్ల రికార్డింగ్ గదిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. పాటలు వరదలో పోయాయన్న మాట అప్పుడే పుట్టింది. 2003లో అమెరికా రాక్ బృందం గ్రీన్ డే తన టేపులు పోయినప్పుడు వాటినే తిరిగి రికార్డు చేయకుండా కొత్త పాటలు కట్టుకుని, 2004లో ‘అమెరికన్ ఇడియట్’ ఆల్బమ్ తెచ్చిన ఉదంతాన్ని అభిమానులు దీనికి జోడిస్తున్నారు. కానీ ఇక్కడ పాడైనవి యాంప్లిఫయర్లు, కీబోర్డు మాత్రమే. పాటల నకలు డ్రమ్మర్ ఇంట్లో మరో హార్డ్ డిస్కులో భద్రంగా ఉంది.

అసలు మలుపు కొన్ని వారాల తర్వాత వచ్చింది. వాయిద్యాలు లేక, గవర్నర్‌పేటలో ఒక మేడమీది గదిలో, ఒక గిటారు, ఒక డోలక్ పెట్టుకుని ఆ పాటలు పాడుకున్నారు. కింది వాటాలో ఉండే పెద్దాయన, ఒకప్పుడు రేడియోలో లలిత గీతాలకు తబలా వాయించినవారు, మెట్ల మీదే కూర్చుని విని, చివర ఒకే ప్రశ్న అడిగారు: “‘మన నాది’ అంటే ఏంటమ్మా?” గాయని రాసుకున్నది ‘మన నది’.

ఆ బాణీలన్నీ ముందుగా కంప్యూటర్‌లో, డమ్మీ ఇంగ్లిషు మాటలతో, తాళం తప్పకుండా టిక్కు టిక్కుమని కొట్టే క్లిక్ ట్రాక్ మీద తయారైనవి. వాటిలో తాళం తొలి దెబ్బ మీద పడిన అక్షరాన్ని సాగదీయక తప్పదు. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది: కల కాస్తా కాల అవుతుంది, నది కాస్తా నాది అవుతుంది. రికార్డింగులో డ్రమ్ముల మోత ఇన్నాళ్లూ దీన్ని కప్పిపెట్టింది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం మొదలై, బాలమురళీకృష్ణ ‘భక్తిరంజని’ని తీర్చిదిద్దిన ఊరిది. పాటలో మాట స్పష్టంగా వినపడాలన్న పట్టింపు మనకు ఆ రేడియోతోనే అబ్బిందని నేను నమ్ముతాను.

ఆ రాత్రే గాయని తన నోటుపుస్తకంలో అలాంటి చోట్లన్నిటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. మొదటి పాటలోనే పద్నాలుగు తేలాయి. గొంతు వరకే మళ్లీ రికార్డు చేస్తే సరిపోతుందని గిటారిస్టు అన్నారు. రెండు పాటలకు అలాగే చేసి చూశారు. అక్షరాన్ని పొట్టిగా పలికితే బాణీలో ఖాళీ మిగిలింది, ఆ ఖాళీ నింపడానికి అక్కర్లేని మాటలు చేర్చాల్సి వచ్చింది. బాణీలే మారాలని నలుగురు తేల్చారు. ఏడాది శ్రమ, దాచుకున్న డబ్బు వృథా అవుతున్నాయన్న గిటారిస్టు బాధలో నిజముంది. ఆయన బయటికి వెళ్లిపోయారు.

రికార్డింగ్ ఖర్చు తానే భరించాను కాబట్టి పాటలు తనవేనని ఇప్పుడు ఆయన వాదన. అయితే 1957 నాటి కాపీరైట్ చట్టం సాహిత్యాన్ని, సంగీతాన్ని, ధ్వనిముద్రణను వేర్వేరు రచనలుగా చూస్తుంది. సంగీత రచన నిర్వచనంలో మాటలు చేరవు. హక్కులు ఒకరి నుంచి మరొకరికి బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. వీళ్ల మధ్య అలాంటి కాగితమేదీ లేదు. ధ్వనిముద్రణ ఆయనదే అనుకున్నా, అందులోని సాహిత్యం గాయనిదే.

అయితే ఈ నియమం బ్యాండుకూ వర్తిస్తుంది. పాత ఎనిమిదింటిలో నది పాట ఒక్కటే కొత్త ఆల్బమ్‌లోకి వస్తోంది. తొలి దెబ్బను ఖాళీగా వదిలి, రెండో దెబ్బ మీద ‘నది’ని పొట్టిగానే పలికేలా దాన్ని మార్చారు. పల్లవి బాణీ మాత్రం చాలావరకు గిటారిస్టు కట్టినదే. ఆయన అనుమతి కోరుతూ బ్యాండు రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు.