పత్తి రేటు గురించి రోజూ వినే అపోహలు

వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లుకి పత్తి కొనే పని నాది. ఎనుమాముల మార్కెట్లో పొద్దున్నే పడే తిట్లలో సగం నాకే, అందుకే రాస్తున్నా.

అపోహ: రేటు మిల్లులోళ్లు, అడ్తిదారులు కూర్చుని కడతారు.
వాస్తవం: సగమే నిజం. క్వింటా పత్తి ఆడిస్తే దూది 33, 34 కిలోలు, మిగతాదంతా దాదాపు గింజే. దూది ధర న్యూయార్క్ ఫ్యూచర్స్‌ని (ముందు నెలల సరుకుకి అక్కడ ఇప్పుడే కుదిరే ధరల్ని) చూసి కదులుతుంది, గింజ ధర దాని నూనె, పశువులకి పెట్టే గింజ చెక్క ధరల్ని చూసి. 2025 ఆగస్టులో కేంద్రం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసింది, ముందు సెప్టెంబర్ దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ దాకా పొడిగించారు. అదే నెలలో అమెరికా మన బట్టల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. ధరని కిందికి లాగే ఈ రెండూ జరిగేనాటికి మన రైతు చేనులో ఇంకా మొదటి ఏరుడు కూడా కాలేదు!

పత్తిలో తేమ ఉందని ధరలో వేసే కోత మాత్రం న్యూయార్క్‌ది కాదు, మాదే. సీసీఐ (మద్దతు ధరకి పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది (2025-26లో పోగు పొడుగుండే పొడుగు పింజ రకానికి క్వింటా 8,110 రూపాయలు), 12 దాటితే కొనదు. వానకి తడిసిన పత్తి ఇక మా గేటుకే వస్తుంది, అప్పుడు బేరం మా చేతిలో ఉంటుంది. దాచిపెట్టేదేముంది.

అపోహ: బీటీ పత్తి (పురుగుని చంపే విషం మొక్కలోనే తయారయ్యే రకం) వేస్తే మందు కొట్టే పని లేదు.
వాస్తవం: 2002లో అనుమతి వచ్చినప్పుడు శనగపచ్చ పురుగు ఆగిన మాట నిజం. తర్వాత గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటుపడింది, దోమ, తామర పురుగులకైతే బీటీ మొదటినుంచీ లెక్కే లేదు. పత్తి కట్టెని మార్చి దాకా చేనులోనే ఉంచితే పురుగుని మనమే సాకుతున్నట్టు.

అపోహ: పత్తి నీళ్లు తాగేస్తుంది, వరే మేలు.
వాస్తవం: అరల్ సముద్రాన్ని ఎండగట్టింది కాలువల కింద పత్తి. మన దగ్గర ఎక్కువ భాగం వానాధారం. వరి సంగతి బోర్లు ఎండినోళ్లని అడగండి.

అపోహ: పర్యావరణం, సర్టిఫికెట్లు అన్నీ విదేశీ బ్రాండ్ల ఫ్యాషన్.
వాస్తవం: కొంత ఫ్యాషనే. కానీ ప్లాస్టిక్ యూరియా సంచుల్లో పత్తి ఏరుతాం కదా, ఆ సంచి పోగు ఒక్కటి దూదిలో కలిసినా నూలులోకి, అక్కడ్నుంచి బట్టలోకి పోతుంది, రంగు పట్టదు, థాను మీద తెల్లగా గీతలా కనబడుతుంది. కొనేవాళ్లు దానికి ధర కోస్తారు, ఆ కోత తిరిగి మన క్వింటా మీదే పడుతుంది. ఇంట్లో పాత నూలు చీర ఉంటే, ఏరిన పత్తి వేసుకోవడానికి ఆ సంచికి బదులు అదే ఒడిలా కట్టుకోండి.