మూడు దిండ్ల మీద నిద్ర: బరువు తగ్గించే ఆపరేషన్ల తర్వాతి తృప్తి, విచారం

మా పెద్దమ్మ కూతురు ఏడేళ్ల క్రితం హైదరాబాదులో, బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుంది. 118 కిలోల మనిషి ఏడాదిన్నరలో 79 కిలోలకు దిగింది. మోకాళ్ల నొప్పి తగ్గింది, షుగరు మాత్రలు సగమయ్యాయి, మేడమెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతోంది. అయితే రాత్రిపూట మాత్రం మూడు దిండ్లు పేర్చుకుని దాదాపు కూర్చున్నట్టే నిద్రపోతుంది, ఎందుకంటే వెల్లకిలా పడుకుంటే అర్ధరాత్రి గొంతులోకి పులుపు తన్నుకొస్తుంది. "మళ్లీ ఆ రోజే వస్తే ఆపరేషన్ చేయించుకుంటావా అక్కా?" అని అడిగితే తడుముకోకుండా "చేయించుకుంటాను" అంది. కాస్త ఆగి, "ఇదే ఆపరేషనా అంటే మాత్రం చెప్పలేనురా" అంది.

బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి మనవాళ్లలో జరిగే చర్చ అంతా మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: చేయించుకోవాలా, వద్దా? రెండో ప్రశ్న, అంటే ఏ రకం చేయించుకోవాలన్నది, చాలామంది డాక్టరుకే వదిలేస్తారు. ఆపరేషన్ అయిన వాళ్లను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలు చదువుతుంటే, మిగిలిపోయే విచారంలో పెద్ద వాటా ఈ రెండో ప్రశ్న దగ్గరే పుడుతోందని నాకు అర్థమైంది.

ముందుగా ఆ రకాలేమిటో చూద్దాం. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టిన గ్యాస్ట్రిక్ బైపాస్ వీటిలో పాతది. ఇప్పుడు చేసే పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, చిన్నపేగును తెచ్చి నేరుగా దానికి కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది గానీ అన్నం ఇక అటు వెళ్లదు. స్లీవ్‌లో పేగు జోలికి పోరు. జీర్ణాశయాన్ని నిలువునా కోసి, దాదాపు 80 శాతం బయటికి తీసేసి, అరటికాయంత సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే కాబట్టి తొలి రోజుల్లో ఆకలి బాగా తగ్గుతుంది. మూడోది బ్యాండు: జీర్ణాశయం మెడకు సిలికాన్ పట్టీ చుట్టి, చర్మం కింద అమర్చిన చిన్న మూత ద్వారా ద్రవం ఎక్కించి బిగిస్తారు, తీసి వదులు చేస్తారు. కోత లేదు, కుట్టు లేదు, వద్దనుకుంటే తీసేయవచ్చు అన్న మాట వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది.

ఆ హాయి ఎక్కడికి దారితీసిందో బ్రస్సెల్స్ సర్జన్లు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపించింది. బ్యాండు వేయించుకున్న 151 మందిని పన్నెండేళ్లు దాటాక మళ్లీ వెతికితే 82 మంది దొరికారు. వారిలో దాదాపు సగం మందికి అప్పటికే బ్యాండు తీసేయవలసి వచ్చింది. కొందరిలో ఆ పట్టీ జీర్ణాశయం గోడను కొరుక్కుంటూ లోపలికి చొచ్చుకుపోయింది. ఇంత జరిగాక కూడా దాదాపు 60 శాతం మంది తమకు తృప్తిగానే ఉందని చెప్పారు! మొదటిసారి ఈ అంకె చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. ఆలోచించగా తెలిసిందేమిటంటే, తృప్తి అనేది ఆపరేషన్ ఫలితాన్ని మాత్రమే కొలిచే కొలబద్ద కాదు. అంతకుముందు ఎంత బాధపడ్డారు, డాక్టరు ఎలా చూసుకున్నారు, చిక్కు వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు అనేవన్నీ అందులో కలిసిపోతాయి. అమెరికాలో 2011లో జరిగిన బరువు ఆపరేషన్లలో మూడింట ఒక వంతుకు పైగా బ్యాండులే. 2019 నాటికి అవి నూటికి ఒకటి స్థాయికి పడిపోయాయి. అంత తృప్తి ఉన్న చికిత్సే అంత వేగంగా మూలపడింది.

కాబట్టి పరిశోధకులు తృప్తితో పాటు విచారాన్ని విడిగా కొలవడం మొదలుపెట్టారు. 2003లో కెనడా పరిశోధకులు రూపొందించిన ఒక చిన్న ప్రశ్నావళి ఇందుకు బాగా ఉపయోగపడుతోంది. అందులో ఉండేవి ఐదే వాక్యాలు. తీసుకున్న నిర్ణయం సరైనదేనా, దానికి విచారిస్తున్నారా, మళ్లీ అవకాశమొస్తే అదే ఎంచుకుంటారా, దానివల్ల ఎక్కువ కీడు జరిగిందా, అది తెలివైన నిర్ణయమేనా అన్న వాటికి వచ్చిన జవాబులను సున్నా నుంచి 100 వరకు ఒక అంకెగా మారుస్తారు. ఈ కొలతతో బైపాస్ వారినీ బ్యాండు వారినీ నాలుగేళ్ల పాటు అనుసరించి చూస్తే, బైపాస్ వారిలో విచారం కొద్దిమందికే పరిమితమైంది, బ్యాండు వారిలో అంతకు ఎన్నో రెట్లు కనిపించింది. సులువైనదని ఎంచుకున్నవారే ఎక్కువగా బాధపడ్డారు.

ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా జరుగుతున్నది స్లీవ్. మన దగ్గర సలహాకు వెళ్లిన వారి నోట మొదట వినిపించేది కూడా ఆ పేరే. పేగును కదిలించనక్కర లేదు, విటమిన్ల లోపం కొంత తక్కువ, వివరించడం తేలిక. దీనినీ బైపాస్‌నూ పోల్చి చూడడానికి రోగులను చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి చేసిన పరీక్షలలో రెండు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. స్విట్జర్లాండ్‌లో 217 మందిపై చేసిన పరీక్షలో ఐదేళ్లకు బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ అంతకుముందే పులితేన్పులు, గుండెల్లో మంట ఉన్నవారిని తీసుకుంటే, స్లీవ్ తర్వాత 31.8 శాతం మందిలో అవి ముదిరాయి, బైపాస్ తర్వాత 6.3 శాతం మందిలోనే ముదిరాయి. ఫిన్లాండ్‌లో 240 మందిపై చేసిన పరీక్షలో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీతో, అంటే నోటి ద్వారా కెమెరా గొట్టం దింపి చూస్తే, ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరుసుకుపోయిన వారు స్లీవ్ వర్గంలో 31 శాతం, బైపాస్ వర్గంలో 7 శాతం.

కారణం కష్టమైనదేమీ కాదు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక సహజమైన ఒంపు ఉంటుంది. తిన్నది తిరిగి పైకి ఎగదన్నకుండా అది కొంత కాపు కాస్తుంది. స్లీవ్ కోతలో ఆ ఒంపు సడలిపోవచ్చు. పైగా సంచిలా సాగే అవయవం బిగువైన గొట్టంగా మారింది గనుక లోపలి ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం గోడలు ఆమ్లాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. కింద దారి ఇరుకు, పైన తలుపు వదులు అయినప్పుడు ఆమ్లం ఎటు పోతుందో మా అక్క మూడు దిండ్లు చెబుతాయి. బైపాస్‌లో మిగిల్చిన చిన్న సంచిలో ఆమ్లం ఊరడం చాలా తక్కువ, పైత్యరసం కలిసేది ఎంతో కింద. అందుకే స్లీవ్ తర్వాత మంట భరించలేని వారికి బైపాస్‌గా మార్చే ఆపరేషన్ చేస్తారు. మార్చవచ్చు గానీ, తీసేసిన జీర్ణాశయాన్ని తిరిగి పెట్టలేరు.

అంతమాత్రాన బైపాస్‌లో విచారమే లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. తీపి ఎక్కువ తింటే అది చిన్నపేగులోకి ఒక్కసారిగా దూకి చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం వంటివి తెస్తుంది. దీనిని డంపింగ్ అంటారు. కొన్ని రకాల నొప్పి మాత్రలు వాడితే కలిపినచోట పుండు పడే ప్రమాదం ఉంది. వదిలేసిన జీర్ణాశయంలోకి మామూలు ఎండోస్కోపీ గొట్టం పోదు. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ మాత్రలు జీవితాంతం మింగాలి. ఇక మన దేశంలో బాగా వాడుకలో ఉన్న మినీ బైపాస్‌లో పేగును కలిపే అతుకులు రెండుకు బదులు ఒకటే ఉండడం వల్ల ఆపరేషన్ త్వరగా ముగుస్తుంది. అయితే దీనిని మామూలు బైపాస్‌తో పోల్చడానికి ఫ్రాన్స్‌లో జరిగి 2019లో వెలువడిన యోమెగా అనే పరీక్షలో తీవ్రమైన పోషక లోపాలు ఈ మినీ బైపాస్ వర్గంలోనే బయటపడ్డాయి. పప్పు, గుడ్డు, మాంసం తక్కువగా, అన్నం ఎక్కువగా తినే మన ఇళ్లలో ఈ మాటను రెండుసార్లు ఆలోచించాలి.

అసలు "బాగా తగ్గింది" అనే మాటలోనే డాక్టరుకూ రోగికీ మధ్య పెద్ద అంతరం ఉంది. 110 కిలోల మనిషికి ఎత్తును బట్టి ఉండవలసిన బరువు 60 అనుకుంటే, అదనంగా ఉన్నది 50 కిలోలు. ఈ అదనపు బరువులో సగం పోతే సర్జన్ల లెక్కలో ఆపరేషన్ విజయవంతమైనట్టు. అంటే ఆ మనిషి 85 కిలోల దగ్గర ఆగినా సరే. ఫిన్లాండ్ పరీక్షలో పదేళ్లకు మధ్యస్థంగా పోయింది స్లీవ్‌లో అదనపు బరువులో 43.5 శాతం, బైపాస్‌లో 50.7 శాతం. రోగి మనసులో ఉన్నది మాత్రం పెళ్లినాటి ఫొటో. 1997లో అమెరికాలో ఫాస్టర్ బృందం ఆహార నియమాలతో బరువు తగ్గాలని వచ్చిన 60 మంది స్త్రీలను ముందుగానే లక్ష్యం అడిగితే, సగటున తమ బరువులో 32 శాతం తగ్గాలని చెప్పారు. 48 వారాలకు సగటున 16 కిలోలు తగ్గారు. వైద్యం దృష్టిలో అది ఎంతో మేలు. కానీ దాదాపు సగం మంది, తాము మొదట్లో "ఇంతే తగ్గితే నిరాశే" అని చెప్పిన బరువును కూడా అందుకోలేకపోయారు. ఆపరేషన్ గదికి వెళ్లేవారి ఆశలు ఇంతకన్నా చిన్నవని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

ఆశ ఒకవైపు ఉంటే, ఆ ఆశ వెనకున్న వేదన ఇంకోవైపు. 1991లో ఫ్లోరిడాలో రాండ్, మెక్‌గ్రెగర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఆపరేషన్ తర్వాత 45 కిలోలకు పైగా తగ్గి, మూడేళ్లుగా నిలబెట్టుకున్న 47 మందిని ఒక కఠినమైన ప్రశ్న వేశారు: మళ్లీ ఆ లావుకు వెళ్లడమా, లేక మరో వైకల్యమా? అందరికి అందరూ చెవుడునే ఎంచుకున్నారు. పదిమందిలో తొమ్మిదిమంది చూపు పోయినా, కాలు తీసేసినా ఫరవాలేదన్నారు. ఈ జవాబులు చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. స్థూలకాయంతో బతికేవారిని మనం బస్సులో, బడిలో, పెళ్లి పందిట్లో ఎంత చిన్నబుచ్చుతామో వారి మాటలే సాక్ష్యం. ఆ నరకం నుంచి బయటపడ్డవారు పులితేన్పులను, రాలే జుట్టును, వేలాడే చర్మాన్ని లెక్కచేయకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ ప్రశ్న వేసింది గెలిచినవారిని మాత్రమే. తగ్గి మళ్లీ పెరిగినవారు, సిగ్గుతో ఆసుపత్రి మొహం చూడనివారు చాలా అధ్యయనాల లెక్కలోకి రారు. బ్రస్సెల్స్‌లో దొరకని ఆ 69 మంది ఏమనుకుంటున్నారో ఎవరికీ తెలియదు.

ముందుగా ఎవరూ చెప్పని మరికొన్ని మార్పులు ఇంట్లో జరుగుతాయి. స్వీడన్‌లో వేలమందిపై జరిగిన పరిశీలనలో, ఆపరేషన్ తర్వాత విడాకులు, విడిపోవడాలు పెరిగాయి. అప్పటిదాకా ఒంటరిగా ఉన్నవారిలో కొత్త పెళ్లిళ్లు, కొత్త బంధాలు కూడా పెరిగాయి. కెనడాలోని అంటారియోలో 8,815 మందిని ఆపరేషన్‌కు ముందు, తర్వాత పోల్చి చూస్తే, తమకు తామే హాని చేసుకుని అత్యవసర విభాగానికి వచ్చే సందర్భాలు దాదాపు ఒకటిన్నర రెట్లు అయ్యాయి. బైపాస్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుంది, వ్యసనంగా మారే ప్రమాదం కూడా పెరుగుతుంది. బరువు తగ్గగానే జీవితం తనంతట తానే సర్దుకుంటుందని నమ్మి వెళ్లినవారికి ఇది ఎదురుదెబ్బ. మానసిక నిపుణుడితో మాట్లాడే ఏర్పాటు ఆపరేషన్‌కు ముందు ఒక సంతకంతో ముగిసిపోకూడదని నేను గట్టిగా అనుకుంటాను.

మా అక్క ఈ ఆపరేషన్ సంగతి అత్తగారింట్లో ఇప్పటికీ చెప్పలేదు, గాల్‌బ్లాడర్ రాళ్లు తీయించుకున్నానంది. పెళ్లి భోజనాల దగ్గర ఆమె పక్కన కూర్చుంటే తెలుస్తుంది ఆ రహస్యం బరువు. విస్తట్లో అన్నీ వడ్డించుకుంటుంది, ముద్దపప్పు రెండు ముద్దలు నెమ్మదిగా నమిలి, మిగతాది అటూ ఇటూ కదుపుతూ ఇరవై నిమిషాలు గడుపుతుంది. "ఏమ్మా, మా వంట నచ్చలేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్లు మధ్యలో తాగకూడదు, అన్నం ముద్ద పెద్దదైతే ఛాతీలో పట్టేస్తుంది. ఒకరికొకరు కొసరి వడ్డించడమే మర్యాద అయిన చోట, కడుపు చిన్నదైన మనిషి ప్రతి పూటా సంజాయిషీ చెప్పుకోవాలి. ఏ రకం ఎంచుకున్నా ఇది తప్పదు.

తప్పించుకోగలిగినది ఇంకొకటి ఉంది. ఆపరేషన్‌కు ముందు మా అక్కకు నెలకు నాలుగైదుసార్లు గుండెల్లో మంట వచ్చేది. గ్యాస్ అనుకుని గుళికలు వేసుకునేది, డాక్టరుకు చెప్పాల్సిన విషయమని ఆమెకు తోచలేదు, ఆయనా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి, ఎండోస్కోపీ చేసి చూసి ఉంటే, రెండు దారుల లాభనష్టాలు ఆమె ముందు పెట్టి ఉండేవారు. అప్పుడు కూడా ఆమె స్లీవే ఎంచుకునేదేమో. "తెలిసి ఎంచుకుని ఉంటే ఈ మంటను ఇంతగా తిట్టుకునేదాన్ని కాదు" అని ఆమే అంటుంది. స్లీవ్ అయినవారు ఏడాది నిండాక ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోవాలని అంతర్జాతీయ బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) సర్జన్ల సమాఖ్య చెబుతున్న విషయం కూడా ఆమెకు తెలిసింది ఆరో ఏట. మొన్న చేయించుకున్న పరీక్షలో అన్నవాహిక కింది భాగం ఎర్రగా ఒరుసుకుని ఉంది. బైపాస్‌గా మార్పించుకోవాలా వద్దా అన్న చర్చకు వచ్చే నెలలో బావగారితో కలిసి వెళుతోంది. ఈసారి అడగవలసిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుంది.