గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కూర్చుని గడ్డకట్టే చలి గురించి రాయడం విడ్డూరమే. ఈ ఊళ్లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అయినా అక్టోబరు వచ్చిందంటే నా ఫోను ఊరుకోదు. వ్యాన్లకు, ఇళ్ల ఇన్వర్టర్లకు లిథియం ప్యాకులు కట్టడం, చెడిపోయినవి విప్పి చూడడం నా పని. చలికాలమంతా కదలకుండా ఉండే బండిలో బ్యాటరీని ఏం చేయాలి అని, లేహ్‌లో కాంపర్ వ్యాను (లోపలే పడుకుని వండుకునే బండి) వదిలి విమానంలో తిరిగొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అడుగుతారు. అమెరికాలో, చలి దండిగా ఉండే మినియాపొలిస్‌లో ఆర్‌వీ, అంటే అలాంటిదే పెద్ద బండి, కొన్న అన్నయ్య తరఫున ఇక్కడి తమ్ముడు అడుగుతాడు. అందరూ ఇంట్లో ట్యూబులర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ పెరిగినవాళ్లే. అపోహల్లో సగం అక్కడి నుంచే వస్తాయి.

నేను చెబుతున్నది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల సంగతి. ఇలాంటి బండ్లలో ఎక్కువగా వాడేది వాటినే.

అపోహ: చలికి లోపల గడ్డకట్టి బ్యాటరీ పగిలిపోతుంది

లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఈ భయం సబబే. చార్జింగ్ పూర్తిగా దిగిపోతే దానిలోని యాసిడ్ పలచబడి, మైనస్ ఏడెనిమిది డిగ్రీలకే గడ్డకట్టి డబ్బాను పగలగొడుతుంది. లిథియం సెల్లులో ఉండేది నీళ్లు కావు, సేంద్రియ ద్రావకాలు. ఎక్కువమంది తయారీదారులు మైనస్ 20 డిగ్రీల దాకా నిల్వ ఉంచడానికి ఒప్పుకుంటారు. మినియాపొలిస్‌లో కొన్ని రాత్రులు అంతకన్నా కిందికి దిగుతాయి కాబట్టి, అక్కడ బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోవడం మంచిది. విప్పి తెచ్చిన వెంటనే దాని మీద తేమ పడుతుంది. అది ఆరి, బ్యాటరీ గది వేడికి వచ్చేదాకా ముట్టుకోవద్దు.

అపోహ: నిల్వకు ఇబ్బంది లేనప్పుడు చార్జింగ్‌కూ ఉండదు

నా దగ్గరికి వచ్చే చలి కేసుల్లో అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. చార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు సెల్లులో నెగటివ్ వైపున్న గ్రాఫైట్ పొరల మధ్యకు దూరి కూర్చోవాలి. సున్నా డిగ్రీల దిగువన ఆ దూరడం బాగా మందగిస్తుంది. చార్జర్ మాత్రం అదే జోరుతో తోస్తూనే ఉంటుంది. సాయంత్రం మెజెస్టిక్ బస్టాండులో బస్సు లోపల ఎవరూ జరగకపోతే కొత్తగా ఎక్కేవాళ్లంతా ఫుట్‌బోర్డు మీదే ఆగిపోయినట్టు, అయాన్లు గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుపోతాయి. అందులో కొంత తర్వాత కరిగి దారిలో పడవచ్చు. మిగిలినది పోయిన సామర్థ్యం కిందే లెక్క. ఆ పేరుకున్న లోహం సూదిలా పెరిగి, పాజిటివ్ నెగటివ్ వైపులను వేరుగా ఉంచే పలచటి పొర సెపరేటర్‌ను పొడిస్తే లోపలే షార్ట్ అవుతుంది. ఆ రోజు బయటికి ఏమీ కనిపించదు, పొగ రాదు, అలారం మోగదు. వేసవిలో బండి తీశాక ‘ఇంత త్వరగా దిగిపోతోందేమిటి’ అనుకుంటారు.

చార్జర్ తగిలించలేదు కదా అని ధీమాగా ఉన్నవాళ్లు వ్యాను పైకప్పు మీది సోలార్ ప్యానెల్‌ను మరిచిపోతారు. మంచు పడ్డాక ఆకాశం తేటగా ఉన్న ఉదయం గాలి మైనస్‌లో ఉంటుంది, ఎండ మాత్రం దండిగా కాస్తుంది. ప్యానెల్‌కు అంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నం గాలి కాస్త వేడెక్కినా నమ్మడానికి లేదు. పది పన్నెండు కిలోల సెల్లుల ముద్ద రాత్రి చలిని గంటల తరబడి దాచుకుంటుంది. చూడవలసింది సెల్లు ఉష్ణోగ్రత, ఫోనులో వాతావరణం కాదు.

వాడకం సంగతి వేరు. మైనస్ 20 దాకా కరెంటు తీసుకోవచ్చు. సామర్థ్యం తగ్గినట్టు కనిపిస్తుంది కానీ వేడెక్కగానే తిరిగి వస్తుంది.

అపోహ: బీఎంఎస్ ఉందిగా, అదే చూసుకుంటుంది

బీఎంఎస్ అంటే ప్యాకు లోపల ఉండి సెల్లులను కాపాడే సర్క్యూట్ బోర్డు. చలిలో చార్జింగ్ ఆపే ఏర్పాటు అన్ని బీఎంఎస్‌లలో ఉండదు. ఉన్నవాటిలోనూ సెన్సర్ ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం. మంచి ప్యాకు మూత తీస్తే నీలం తొడుగు వేసిన నాలుగు సెల్లులు, వాటి మధ్య టేపుతో గట్టిగా అతికించిన సెన్సర్ తీగ కనిపిస్తాయి. చవక ప్యాకుల్లో అదే తీగ మూత కింద గాల్లో వేలాడుతూనో, బీఎంఎస్ బోర్డుకు చుట్టుకునో ఉంటుంది. చార్జింగ్ మొదలైతే ఆ బోర్డు వెచ్చబడుతుంది. సెల్లులు ఇంకా సున్నా కిందే ఉంటాయి, సెన్సర్ మాత్రం అంతా బాగానే ఉందని చెబుతుంది.

పరీక్షించడానికి లద్దాఖ్ దాకా వెళ్లనక్కర్లేదు. ఐసు ముక్కల్లో గుప్పెడు ఉప్పు కలిపితే గిన్నెలో చలి సున్నాకు బాగా దిగువకు వెళ్తుంది. సెన్సర్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో ముంచి, చార్జర్ పెట్టి, యాప్‌లో అంకె దిగడం చూస్తాను. సున్నా దగ్గర కరెంటు తెగాలి. తెగకపోతే ఆ ప్యాకు లేహ్ వెళ్లే బండిలోకి ఎక్కదు. ఈ పని మీ ప్యాకు కట్టినవాళ్లనే చేసి చూపించమనండి. మూత మీరు తీస్తే వారంటీ పోతుంది.

అపోహ: నిండుగా చార్జ్ చేసి, చార్జర్ తగిలించి వదిలేయాలి

లెడ్ యాసిడ్‌కు అది తప్పనిసరి. ఖాళీగా ఉంచితే ప్లేట్లకు సల్ఫేట్ పడుతుంది. ఎల్‌ఎఫ్‌పీకి ఆ జబ్బు లేదు. నిండుగా, అందులోనూ వేడిలో, నెలల తరబడి ఉంచితేనే అది త్వరగా ముసలిదవుతుంది. సగం చార్జింగ్ చాలు. వోల్టేజీ చూసి సగం అని తేల్చడం మాత్రం కష్టం. ఈ బ్యాటరీ 13.1, 13.2 వోల్టుల దగ్గరే చాలాసేపు కదలకుండా ఉంటుంది. దాని బదులు నిండుగా చార్జ్ చేసి, 100 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ అయితే 50 వాట్ల లోడు పన్నెండు, పదమూడు గంటలు నడిపితే సరిపోతుంది.

అపోహ: మెయిన్ స్విచ్ ఆపేశాం, ఇక ఏదీ లాగదు

చలికాలంలో చచ్చిన బ్యాటరీల్లో చాలావరకు చలికి చావవు, ఈ ధీమాకు చస్తాయి. గ్యాస్ లీకు అలారం, స్టీరియో మెమరీ లాంటివాటి తీగలను కొన్ని బండ్లలో మెయిన్ స్విచ్ దాటించి నేరుగా బ్యాటరీకి ఇస్తారు. అన్నీ కలిపి 30 మిల్లీయాంపియర్లే లాగాయనుకుందాం. నెలకు 21.6 ఏహెచ్. సగం చార్జింగ్‌తో వదిలిన 100 ఏహెచ్ బ్యాటరీ రెండు నెలలు దాటగానే ఖాళీ. ఇన్వర్టర్‌ను స్టాండ్‌బైలో మరిచిపోతే అది పది వాట్లు లాగినా నిండు బ్యాటరీ అయిదారు రోజుల్లో నేల చూస్తుంది.

అందుకే స్విచ్‌ను నమ్మకుండా, స్పానర్ తీసుకుని నెగటివ్ టెర్మినల్ దగ్గరే కేబుల్ విప్పండి. బీఎంఎస్ తనకోసం తాగే కొద్దిపాటి కరెంటు ఎలాగూ తప్పదు, దానికి సగం చార్జింగ్ ఒక చలికాలం మొత్తానికి సరిపోతుంది. వసంతంలో మీటరు సున్నా వోల్టులు చూపిస్తే కంగారు వద్దు. చాలాసార్లు బీఎంఎస్ నిద్రపోయి ఉంటుంది, దాన్ని లేపగలిగే చార్జర్లు ఉన్నాయి. లోపలి సెల్లు రెండు వోల్టుల కిందికి జారి ఉంటే మాత్రం లేపవద్దు. అంత కిందికి పోయాక లోపలి రాగి రేకు కరగడం మొదలై ఉండవచ్చు. చార్జ్ చేస్తే ఆ రాగి పడకూడని చోట పడుతుంది.

అపోహ: హీటర్ ఉన్న బ్యాటరీ కొంటే అన్ని బెంగలూ తీరతాయి

చలిలో ప్రయాణించేవాళ్లకు అది మంచి వస్తువు. నిల్వకు పనికిరాదు, ఆ హీటరూ కరెంటు తాగేదే. కొడగు దాటి వెళ్లనివాళ్లకు కూడా హీటర్ బ్యాటరీ అంటగడుతున్నవారున్నారు. మన భయం వేడికి ఉండాలి. చెన్నైలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. మామూలు మే నెలలోనే మేడ మీది రేకుల గదిలో, ఎండలో నిలిపిన మూసిన వ్యానులో వేడి బయటికన్నా చాలా ఎక్కువ. అక్కడ నిండు చార్జింగ్‌తో వదిలిన బ్యాటరీకి జరిగే నష్టం లేహ్‌లో సగం చార్జింగ్‌తో పడుకున్న దానికి జరగదు.

ఇంకో మాట. లేహ్‌లో వ్యాను వదిలేవాళ్లు బ్యాటరీని విమానంలో తెచ్చుకుంటామంటారు. కుదరదు. ప్రయాణికులకు విమానంలో 100 వాట్ అవర్ల దాకా, ఎయిర్‌లైన్ అనుమతిస్తే 160 దాకా సరే. 12.8 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ అంటే 1280 వాట్ అవర్లు. అక్కడే ఎవరైనా తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టి రండి. విప్పేటప్పుడు ముందు సోలార్ ప్యానెల్ తీగ, ఆ తర్వాతే బ్యాటరీ తీగ. తిరిగి బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. ఈ వరస తప్పితే ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే చార్జ్ కంట్రోలర్ కాలిపోయే ప్రమాదం ఉంది.